కొండబడి పంతులు: గిడుగు వేంకట రామమూర్తిగారి జీవితము

విద్యార్థులారా, రాజుల చరిత్రములును, సేనానుల చరిత్రములును మీ పాఠ్యపుస్తకములయందు విస్తారముగ గలవు. బడిపంతుళ్ల చరిత్రము లట్లు కానరావు. పంతులు ప్రొద్దున బడికి పోవును, సాయంకాలము ఇంటికి వచ్చును. ఇందు వ్రాయదగిన దేమున్నదని లోకము తలచును. అయినను అట్టి దినచర్యయందే ఒక్కొక్కప్పుడు గొప్పకార్యము లిమిడియుండును. ముప్పది రూపాయల జీతముపై చిన్నతరగతికి చరిత్రపాఠము చెప్పుచు జీవితము నారంభించి, ఎవరును కన్నెత్తి చూడని కొండజాతి బిడ్డలకు వారి మాటలోనే అక్షరములు నేర్పిన ఒక యుపాధ్యాయుని కథను ఈ సంచికయందు మీకు చెప్పదలచితిమి. వారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారికభాషోద్యమ నాయకులుగ వారి పేరు తెలుగువారందరు నెరుగుదురు. కొండబడి పంతులుగ వారి నెరిగినవారు తక్కువ. ఈ రెండవ రామమూర్తిగారే మొదటి రామమూర్తిగారిని తయారుచేసినారని మా అభిప్రాయము.

పంతులుగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన జన్మించిరి. జన్మస్థానము శ్రీకాకుళమునకు ఉత్తరముగ ఇరువది మైళ్ల దూరమున, వంశధార యొడ్డున నున్న పర్వతాలపేట. తండ్రి వీర్రాజుగారు రెవిన్యూశాఖలో ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. వీర్రాజుగారు చోడవరమునకు బదిలీయై అచ్చట విషజ్వరముచే 1875లో గతించిరి. అప్పటికి బాలునకు పండ్రెండేండ్లు. తండ్రిని హరించిన యా జ్వరమే పెద్దవాడైన పిదప తన్నును వెంటాడునని యా బాలుడు అప్పు డెరుగడు. మేనమామగారి యాశ్రయమున నుండి, విజయనగరమున మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదివి, 1879లో మెట్రిక్యులేషను పరీక్షయందు కృతార్థుడయ్యెను. గురజాడ అప్పారావుగారు అచ్చట వారికి సహాధ్యాయులు. ఒక బెంచిపై కూర్చున్న యా యిరువురు బాలురును తరువాత తెలుగుభాష నడకనే మార్చిరి.

కుటుంబభారము పైబడినందున పైచదువునకు తావు లేకపోయెను. 1880లో, పదునేడేండ్ల ప్రాయమున, పర్లాకిమిడి రాజావారి పాఠశాలయందు మొదటి ఫారమునకు చరిత్ర చెప్పు ఉపాధ్యాయుడుగ చేరిరి. పగలు పాఠములు చెప్పుచు, రాత్రి దీపము కడ తాము చదువుకొనుచు, 1886లో ఎఫ్.ఏ. పరీక్షయు, మరి పదియేండ్లకు 1896లో బి.ఏ. పరీక్షయు ప్రైవేటుగ నిచ్చి పట్టభద్రులైరి. పదునాఱేండ్లు ఉద్యోగము చేయుచు పట్టము సాధించిన యీ సంగతిని మా పై తరగతుల విద్యార్థులు గమనింతురుగాక. చరిత్రపాఠమును పుస్తకమునుండి వల్లించుటతో వారు తృప్తిపడలేదు. సమీపముననున్న ముఖలింగ దేవాలయముల శాసనములను చదువుటకై ప్రాచీనలిపిని తమంత తాము నేర్చుకొని, గాంగరాజుల చరిత్రమునుగూర్చి పండితపత్రికలకు వ్యాసములు వ్రాసిరి. తాను స్వయముగ చూడని దానిని, వినని దానిని పిల్లలకు చెప్పరాదను నియమము వారియందు మొదటినుండియు నుండెను.

పర్లాకిమిడి అప్పుడు చెన్నపురి రాజధానిలోని గంజాముజిల్లాకు చేరిన పట్టణము. ఇప్పుడు ఒడిశారాష్ట్రమున గజపతిజిల్లాకు ముఖ్యపట్టణము. ప్రక్కన మహేంద్రతనయ ప్రవహించుచుండును. అటుపైన కొండలపై కొండలు. ఇంచుమించు 1,500 మీటర్ల యెత్తుగల మహేంద్రగిరి ఆ ప్రాంతముననే యున్నది. ఆ కొండలయందు సవర లను జాతివారు నివసింతురు. ఏటవాలు నేలలను చదును చేసియు, అడవిని నఱికి కాల్చి పోడుచేసియు, వరి, చోడి, జొన్న, కంది మొదలగునవి పండింతురు. వారి పల్లెల గోడలపై తెల్లని వర్ణముతో మనుష్యులను, ఏనుగులను, గుఱ్ఱములను చిత్రించు అలవాటు గలదు. వీరు నిన్న మొన్నటివారు కారు. ఐతరేయబ్రాహ్మణమునందు ఆంధ్రుల పేరు గనబడు చోటనే శబరుల పేరును గనబడుచున్నది. రామాయణమందలి శబరి యేజాతి స్త్రీయో ఆ పేరే చెప్పుచున్నది. ఇంత ప్రాచీనులైనను, మైదానపు ప్రజలకు వారు సంతలో కనబడు బిడియపు మనుష్యులు మాత్రమే.

సంతయే వారికిని మనకును కలిసిన చోటు. అడవిలో సేకరించిన వస్తువులను, కొండపంటను దించి, ఉప్పును, గుడ్డను కొనిపోవలెను. బేరము తెలుగులోనో ఒరియాలోనో జరుగును. ఆ రెండును వారికి రావు. తూనిక వ్యాపారిది, లెక్క వ్యాపారిది, పద్దు వ్యాపారిది. కచేరికి పోయినను, అధికారి యడుగు మాటయు వారికి తెలియదు, వారు చెప్పు మాటయు అధికారికి తెలియదు. నడుమ నున్న దుబాసీ చెప్పినదే వేదము. భాష రానివాడు తన నేలమీదనే పరదేశి యగును. ఈ యన్యాయము పర్లాకిమిడిలో అందఱి కన్నుల యెదుటనే జరుగుచుండెను. చూచినవారు వేలమంది. చూచి, దీనికి మందు చదువేయని తలచి, ఆ చదువు వారిభాషలోనే చెప్పవలెనని పూనుకొన్న వారొక్క బడిపంతులు.

ఆ పూనిక యెంత కష్టమైనదో కొంచెము విచారింతము. సవరభాషకు నిఘంటువు లేదు, వ్యాకరణము లేదు, లిపి లేదు. తెలుగును సవరభాషయు రెండును వచ్చిన యొకనిని పంతులుగారు తమ యింటనే యుంచుకొని, అతని నోట మాటలు వినుచు, వ్రాసికొనుచు, మరల పలికి దిద్దించుకొనుచు నేర్చుకొనసాగిరి. పగలు గురువుగ నుండి, సాయంకాలము ఇంటికి వచ్చి శిష్యుడగుట వారి దినచర్య యాయెను. ఇది ఒక నెలలో, ఒక యేటిలో ముగిసినది కాదు. అనేక సంవత్సరములు సాగినది. సెలవులు వచ్చినప్పుడు కొండపల్లెలకు తామే పోయి, వారి మాటలను వారి వాకిళ్లయందే వినిరి. ఇంట నేర్చినది అచ్చట సరిచూచుకొనెడివారు.

సవరభాష తెలుగునకు చుట్టము కాదు, ఒరియాకును కాదు. అది ముండాభాషలలో చేరినది. ఆ కుటుంబపు దూరబంధువులు బర్మాకు ఆవలి దేశములయందు గలవు. అందలి కొన్ని ధ్వనులు మన అక్షరమాలయందు లేవు. మాట పలుకుచు పలుకుచు కంఠమును తటాలున మూసి విడుచు ధ్వని యొకటి వారికి గలదు. దానిని విడిచినచో మాటయే మారిపోవును. వాక్యరచనయు వేరు. మనము గేదెను తినుట యని రెండు మాటలలో చెప్పుదానిని వారు గేదె పేరును క్రియ నడుమ నిమిడించి యొక్కమాటగ చెప్పగలరు.

అన్నిటికంటె మాబోటి ఉపాధ్యాయులకు బుద్ధి చెప్పునది వారి లెక్క. మనము పదిని మెట్టుగ పెట్టుకొని, పదిమీద మూడును పదుమూడందుము. సవరలకు పండ్రెండొక మెట్టు, ఇరువది మరియొక మెట్టు. వారి మాటలో పదుమూడనగా పండ్రెండును ఒకటియు. పందొమ్మిది యనగా పండ్రెండును ఏడును. ముప్పదిరెండనగా ఇరువదియు పండ్రెండును; ముప్పదిమూడనగా ఇరువదియు పండ్రెండును ఒకటియు. ఈ లెక్కతో పెరిగిన బాలుని తీసికొనివచ్చి తెలుగుబడిలో కూర్చుండబెట్టి, పదుల స్థానము, ఒకట్ల స్థానము అని తెలుగులో చెప్పిన నేమగును? వాడు నోరు తెరవడు. మనము వానిని మందబుద్ధియని వ్రాసికొందుము. నిజమునకు వాడు మనకంటె వేరైన లెక్క నొకదానిని మనస్సులో మోయుచున్నాడు. దాని నడుగు పంతులు వానికి దొరకలేదు.

ఈ రహస్యమును గ్రహించినందుననే రామమూర్తిగారు మొదట తాము భాష నేర్చి పిమ్మట బడి పెట్టిరి. సవరభాషలో వాచకములు వ్రాసిరి. వారి పాటలను, కథలను సేకరించిరి. తమ సొంతధనముతో కొండలయందు బడులు నెలకొల్పి, ఉపాధ్యాయులను కుదిర్చి, వారికి జీతములు తామే చెల్లించిరి. ఆ ధన మెక్కడిది? జమీందారుల సొత్తు కాదు, చందాల సొమ్ము కాదు; బడిపంతులు తన జీతమునుండి మిగిల్చినది. ఇంటిలో పిల్లలు, బంధువులు, అతిథులు గల సంసారి తన జీతమునుండి ఇతరులకు జీతములిచ్చుట యెట్టిదో మా సహోపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఆ యింటి గృహిణి యెంత సర్దుకొని యుండవలెనో చదువుచున్న తల్లులే యూహింపగలరు.

బడి పెట్టుట కంటె నిలుపుట కష్టము. కొండదారి, వాన, అడవి. పోడుపనుల కాలమున పిల్లలు తలిదండ్రులతో పొలమునకు పోవుదురు. చదువు వలన నేమి ఫలమో యెన్నడును చూడని తలిదండ్రులకు దానిని నమ్మించవలెను. పరాయివా డెవ్వడు వచ్చినను పన్నుకో, అప్పుకో, వెట్టికో వచ్చెనని భయపడుటకు అలవాటుపడిన పల్లెలవి. అట్టి వాకిటిలో పంతులుగారు వారిమాటతోనే పలుకరించెడివారు. ఆ మాటయే వారికి అనుమతిపత్రము.

అయితే కొండ తన మూల్యమును పుచ్చుకొనెను. ఆ యడవులలో చలిజ్వరము మిక్కుటము. దోమకాటువలన నా జ్వరము వ్యాపించునని రోనాల్డు రాస్ అను వైద్యుడు మన సికిందరాబాదునందే పరిశోధించి కనుగొనినది 1897లో. అంతకుముందు అది చెడ్డగాలివలన, చెడ్డనీటివలన వచ్చునని జను లనుకొనుచుండిరి. సింకోనా పట్టనుండి తీసిన క్వినైనే నాటికి దానికి దివ్యౌషధము. క్వినైను ప్రాణము నిలుపును. కాని మోతాదు మించినను, దీర్ఘకాలము సేవించినను చెవులలో హోరు పుట్టించి వినికిడిని చెఱచును. పంతులుగారికి మాటిమాటికి జ్వరము వచ్చుటయు, మాటిమాటికి క్వినైను పుచ్చుకొనుటయు జరిగి, తుదకు చెవుడు వచ్చెను.

చదువరులారా, ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచింపుడు. చిత్రకారునకు చూపెట్టిదో, ధ్వనుల ననుసరించి భాషను శోధించువానికి చెవి యట్టిది. ఏ చెవితో సవరవాని కంఠమునందలి సూక్ష్మధ్వనిని పట్టుకొనిరో ఆ చెవినే సవరసీమకు సమర్పించిరి. అయినను పని మానలేదు. వ్రాసియుంచిన దానిని సరిచూచుచు, కుమారులైన సీతాపతిగారి సాయముతో పరిశోధన సాగించుచు, ముప్పది నలుబదియేండ్లు అదే పనియందుండిరి.

ఈ సందర్భమున వేరొక దేశపు ఉపాధ్యాయుడు మాకు జ్ఞప్తికి వచ్చుచున్నాడు. భూగోళపటమున ఉత్తరపు కొసను మంచుతో కప్పబడిన గ్రీన్‌లాండు గలదు కదా. అచ్చట చలికాలమున పగలు మిక్కిలి కురుచ. ఇంకను ఉత్తరమునకు పోయినచో కొన్ని వారములు సూర్యుడే కానరాడు. 1814లో అచ్చటనే యొక జర్మను మిషనరీకి జన్మించిన శామ్యూల్ క్లైన్‌ష్మిట్ అనునాయన యూరపులో చదువుకొని తిరిగివచ్చి ఆ దేశీయులకు బోధకుడును ఉపాధ్యాయుడును ఆయెను. ఆయన వారిభాష నేర్చి, 1851లో దానికి వ్యాకరణమును, 1871లో నిఘంటువును ప్రకటించెను. చిన్న అచ్చుయంత్రముతో తన చేతులతోనే పుస్తకములు ముద్రించి శిష్యులకిచ్చెను. ఆయన యేర్పరచిన లేఖనపద్ధతి 1973 వరకు ఆ దేశమున వాడుకలోనుండెను. ఆయన 1886లో గతించెను. అనగా మంచుదేశపు ముసలిపంతులు తన పాఠశాలయం దుండగనే కొండదేశపు పడుచుపంతులు తన పాఠశాలలో చేరియుండెను. ఒకరి పేరొకరు వినియుండరు. ఒకచోట మంచు, ఒకచోట చలిజ్వరము. ఒకచోట సీలు వేటకాని బిడ్డ, ఒకచోట పోడుకాని బిడ్డ. ఉపాయము మాత్రము రెండుచోట్లను ఒక్కటే: పిల్లవానిని నీ భాషకు రమ్మనుటకు ముందు నీవే వాని భాషకు పొమ్ము.

ప్రభుత్వమువారు పంతులుగారి కృషిని క్రమముగ గుర్తించి, సవర వాచకములను అచ్చొత్తించిరి. దానికై పారితోషిక మీయబోగా పంతులుగారు దానిని తమకొఱకు పుచ్చుకొనక, ఆ సొమ్ముతో సవరపిల్లలకు బడి పెట్టుడని కోరిరని చెప్పుదురు. 1913లో వారికి బిరుదు నొసగిరి. పిమ్మట కైజర్-ఇ-హింద్ పతకమును లభించెను. వారు ఆంగ్లమున రచించిన సవరభాషా వ్యాకరణగ్రంథము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను మద్రాసున ప్రభుత్వపక్షమున వెలువడెను. నిఘంటువు వెలువడునాటికి వారికి డెబ్బదియైదేండ్లు. యౌవనమున మొదలిడిన పాఠమును వార్ధక్యమున ముగించిరి. ముండాభాషలను శోధించు దేశవిదేశ పండితులు నేటికిని ఆ గ్రంథములను తెఱచుచున్నారు.

ఇక కొండబడి తెలుగుబడిని మార్చిన విధము వినుడు. 1907లో జె.ఏ. యేట్సు అను దొర ఉత్తరపుజిల్లాల పాఠశాలలకు ఇన్‌స్పెక్టరుగ వచ్చెను. తరగతులలో పిల్లలు తెలుగు చదువుచుండ నాయన కొక సందేహము పుట్టెను. వారు ఇంట మాటాడు తెలుగు వేరు, పుస్తకమున చదువు తెలుగు వేరు. తమ భాషకే మరల తాత్పర్యము చెప్పించుకొనవలసి వచ్చుచున్నది. ఇది యేలనని యాయన విచారింపగా గురజాడ, గిడుగువారలను అడుగుడని తెలిసినవారు చెప్పిరి. రామమూర్తిగారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. సవరబాలుని పరాయిభాషలో కూర్చుండబెట్టుట యన్యాయమైనచో, తెలుగుబాలునకు వేయేండ్లనాటి తెలుగులోనే సమస్తమును చెప్పుట మాత్రమెట్లు న్యాయము? అటుపిమ్మట 1911లో, ముప్పదియేండ్ల కొలువు ముగించి, వారు ఉద్యోగమును విడిచి, మిగిలిన యాయుష్యమును వ్యావహారికభాషకు ధారవోసిరి.

ఆ వాదము పెద్దది. జయంతి రామయ్య పంతులుగారివంటి విద్వాంసులు ఎదురుపక్షమున నిలిచిరి. వారును తెలుగుపై ప్రేమచేతనే వాదించిరని మఱవరాదు. స్కూలుఫైనలు పరీక్షలో వ్యావహారికమున వ్యాసము వ్రాయుట కొకమాఱు అనుమతి దొరకి, కొలదికాలములోనే తొలగిపోయెను. 1915లో మిత్రులైన అప్పారావుగారు గతించిరి. పంతులుగారు చెవులు వినబడకున్నను ఊరూర సభలకు పోయి, పూర్వగ్రంథములనుండి ప్రయోగములు చూపి గంటలకొలది ఉపన్యసించిరి. 1919లో మన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు అధ్యక్షులుగ వర్తమానాంధ్ర భాషాప్రవర్తక సమాజము వెలసెను. గ్రాంథికమున మహాగ్రంథములు వ్రాసిన వీరేశలింగముగారు జీవితాంతమున ఆ పక్షమున చేరుట పెద్దవారి పెద్దమనస్సునకు నిదర్శనము. ఆ యేడే రామమూర్తిగారు తెలుగు అను పేర మాసపత్రికను నడపిరి.

ఇచ్చట మేమొక సంగతి ఒప్పుకొనవలెను. వ్యావహారికభాషా పితామహుని జీవితమును మేము గ్రాంథికమున వ్రాయుచున్నాము. ఇది చూచి మా విద్యార్థులు నవ్వుకొనవచ్చును. నవ్వుటకు వారికి హక్కు గలదు. మా గురువులు మాకు నేర్పిన నడక యిది. దీనిపై మాకు మమకారము పోలేదు. రామమూర్తిగారు ప్రాచీనకావ్యములను ద్వేషింపలేదు. వానిని మనకంటె లోతుగ చదివినవారు. పిల్లవాని నోటిమాట తప్పని కొట్టరాదని మాత్రమే వారనిరి. కావున మేము ఈ పుటలయందెట్లు వ్రాసినను, తరగతిలో మీ మాటనే మాటాడుదుమని మాట యిచ్చుచున్నాము.

పంతులుగారి జీవితమున చివరి పరీక్ష యొకటి మిగిలియుండెను. 1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేకరాష్ట్రముగ నేర్పడెను. పర్లాకిమిడిని అందు చేర్చరాదని వారు గట్టిగ వాదించియుండిరి. ఆ వాదము నెగ్గలేదు. ఏబదియాఱేండ్లు నివసించిన యూరిని, తాము పాఠము చెప్పిన వీధులను విడిచి, డెబ్బదిమూడవ యేట వారు మన రాజమహేంద్రవరమునకు వచ్చిచేరిరి. మనయూరు వారికి ఆశ్రయమిచ్చుట మనకు గౌరవము. 1938లో ఆంధ్రవిశ్వవిద్యాలయమువారు కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించిరి. 1940వ సంవత్సరము జనవరి 22వ తేదీన పంతులుగారు పరమపదించిరి.

వారు నాటిన విత్తనములు తరువాత మొలకెత్తినవి. తండ్రిగారి పరిశోధనను సాగించిన సీతాపతిగారు 1969 వరకు జీవించి, తెలుగుబాలలకును మంచి పుస్తకము లిచ్చిరి. సవరలలోనే మంగెయి గొమాంగో యనువారు 1936లో తమభాషకు సొరాంగ్ సొంపెంగ్ అను ప్రత్యేకలిపిని రూపొందించిరి. ఇరువదియొకటవ శతాబ్దారంభమున మన ఆంధ్రప్రదేశప్రభుత్వమువారు సవర, కోయ మొదలగు గిరిజనభాషలలో చిన్నతరగతులకు వాచకములు వ్రాయించి, మాతృభాషలో చదువు మొదలిడు నేర్పాటు చేసిరి. పత్రికలును, పాఠ్యపుస్తకములును నేడు వ్యావహారికముననే నడచుచున్నవి. పంతులుగారి జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని మనము తెలుగుభాషాదినోత్సవముగ జరుపుకొనుచున్నాము. ఆ దినమున పూలమాలలు వేయువారు సవరభాషనుగూర్చి యొక్కమాటయైన చెప్పుట యరుదు. ఆ లోపమును మన పాఠశాల తీర్చునని యాశించుచున్నాము.

ఈ చరిత్రమును వ్రాయుటకు మాకు సొంతకారణ మొకటి గలదు. మేము ట్రెయినింగు ముగించి తొలుత పనిచేసినచోట మన్యమునుండి వచ్చిన కోయబాలుడొకడు మా తరగతిలో వెనుకబెంచిపై కూర్చుండెడివాడు. లెక్క అడిగిన తలవంచుకొనును. వాచకము చదువుమనిన నిలువబడి మౌనము వహించును. మేము వానికి సున్నలు వేసితిమి. తరగతియెదుట వానిని పరిహసించితిమి. అటుపిమ్మట నొకనాడు సంతకు పోగా, ఆ బాలుడు తల్లి ప్రక్కన కూర్చుండి చింతపండు అమ్ముచుండెను. వ్యాపారి చెప్పిన లెక్కలో తప్పును పట్టుకొని, తమభాషలో తల్లికి వివరించి, తెలుగులో తడబడుచునే వ్యాపారిచేత దానిని దిద్దించెను. మమ్ము చూచి తటాలున తలవంచుకొనెను. బడిలో చూచిన తలవంపే అది. మఱుసటి వారమునుండి బాలుడు బడికి రాలేదు. మేము వెదకించితిమి, వాని పల్లె దూరమని విని ఊరకుంటిమి. దూరమని ఊరకుండుటయే మేము చేసిన రెండవ తప్పు. రామమూర్తిగారు చెవులు పోగొట్టుకొనియు పోయిన దూరము అంతకంటె ఎక్కువ.

కావున తలిదండ్రులారా, మీ బిడ్డ ఇంటిమాట బడిలో పలికినందుకు సిగ్గుపడకుడు. సహోపాధ్యాయులారా, మౌనముగ నున్న బిడ్డకు సున్న వేయుటకు ముందు, వానికి తెలియనిది పాఠమో, మన మాటయో విచారింతము. విద్యార్థులారా, మన బడికి గోదావరి లంకలనుండియు, రంపచోడవరపు కొండలనుండియు పిల్లలు వచ్చిన, వారి పలుకుబడిని వెక్కిరింపకుడు; వారిని ఒక్క మాట నేర్పుమని అడుగుడు. రామమూర్తి పంతులుగారి విద్య యావత్తు అట్టి ఒక్క మాట నడుగుటతోనే ప్రారంభమాయెను.